దేవుళ్ళ చుట్టరికాలు

"దేవుళ్ళంతా ఒక్కటే" అన్న మాటని జనం ఎప్పుడు వాడతారో గమనిస్తే తమాషాగా ఉంటుంది. దాంతో ఎవరూ మాట మొదలుపెట్టరు, ముగిస్తారు. మతాంతర పెళ్ళి ఇక తప్పదని తేలాక, నాలుగు గంటల పంచాయితీ తర్వాత, పెద్దాయన ఒకరు కాఫీ గ్లాసు కిందపెట్టి నిట్టూర్చి అనే మాట అది. హిందువుల ఇంట్లో పుట్టి క్రైస్తవుల అమ్మాయిని చేసుకున్నవాణ్ణి కాబట్టి నాకు ఈ మందు కాస్త ఎక్కువ డోసులోనే పడింది. అన్నవాళ్ళంతా నా మేలు కోరినవాళ్ళే. అయినా ఎనిమిదేళ్ళుగా వింటున్నా నాకది మింగుడుపడటం లేదు. ఎందుకంటే ఆ 'ఒక్కటి' ఎప్పుడూ చెప్పేవాళ్ళ దేవుడి పోలికలోనే ఉంటుంది. మా బాబాయి "అన్నీ ఆ పరమాత్మ రూపాలే కదరా" అన్నాడంటే యేసు కూడా ఒక అవతారం అయిపోతాడు, దశావతారాల పక్కన పదకొండో ఫోటో. మా అత్తగారి తరఫు పాస్టరుగారు "దేవుడు ఒక్కడే కదండీ" అన్నారంటే అందులో మా వెంకటేశ్వరస్వామికి అసలు చోటే లేదు. ఇద్దరూ దాదాపు ఒకే వాక్యం అంటున్నారు. చెబుతున్నవి మాత్రం పొసగని రెండు సంగతులు.

ఈ మాటకి మనవాళ్ళు సాక్ష్యంగా పిలిచేది అన్నమయ్యని. కొలిచేవాడి చూపెంతో దేవుడూ అంతే అనే ఆ కీర్తన నాకూ ఇష్టమే, కారులో ఎన్నిసార్లు విన్నానో. కానీ ఒకసారి అందులో ఎవరెవరున్నారో లెక్కపెట్టి చూడండి. వైష్ణవులు, వేదాంతులు, శైవులు, కాపాలికులు, శాక్తేయులు. అన్నమయ్య బతికిన పదిహేనో శతాబ్దానికి దక్కనులో బహమనీలు రాజ్యం చేస్తున్నారు, మసీదులున్నాయి. వాళ్ళ దేవుడు ఆ జాబితాలో లేడు. ఇది అన్నమయ్య మీద ఫిర్యాదు కాదు. ఆయన తన పెరట్లో ఉన్న గొడవని తీర్చాడు. దాన్ని తెచ్చి మన అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు గొడవకి అతికిస్తేనే అతకదు.

ఇంకో ఊతపదం ఉంది: దేవుళ్ళు కొట్టుకోరు, మనుషులే కొట్టుకుంటారు అని. ఇది మన పురాణాలు చదవనివాళ్ళు అనేది. మన దేవుళ్ళు కొట్టుకున్నారు, శుభ్రంగా కొట్టుకున్నారు. హిరణ్యకశిపుణ్ణి చంపాక నరసింహుడి ఉగ్రం తగ్గకపోతే శివుడు శరభరూపంలో వచ్చి ఆయన్ని అణిచాడని శైవపురాణాలు చెబుతాయి. చివరికి ఆ సింహం తోలు కూడా శివుడికే దక్కిందట. వైష్ణవులు ఊరుకుంటారా? శరభాన్ని చీల్చడానికి నరసింహుడు గండభేరుండమయ్యాడని వాళ్ళు ఇంకో కథ రాసుకున్నారు. ఆ రెండు తలల పక్షి విజయనగరంలో అచ్యుతదేవరాయల నాణేల మీదికెక్కింది. మార్వెల్ సినిమాలకి సీక్వెల్స్ రాసేవాళ్ళు వీళ్ళ దగ్గర ట్యూషన్ పెట్టించుకోవచ్చు.

అంతకన్నా నాకు ఆసక్తిగా అనిపించేది తిరుమల కథ. కొండ మీద ఉన్నది విష్ణువా, శివుడా అని తగువు వచ్చింది. రామానుజులు ఒక పరీక్ష పెట్టారని సంప్రదాయం చెబుతుంది. గర్భగుడిలో శంఖచక్రాలు ఒకవైపు, శూలం డమరుకం లాంటివి ఒకవైపు పెట్టి తలుపులు మూశారు. తెల్లారి చూస్తే స్వామి శంఖచక్రాలు ధరించి ఉన్నాడు. తగువు తీరిపోయింది, కనీసం ఒక పక్షానికి.

ఈ కథ నేను చిన్నప్పుడే విన్నాను. దీని తోబుట్టువు బైబిల్లో ఉందని పెళ్ళయ్యాక తెలిసింది. రాజుల మొదటి గ్రంథం పద్దెనిమిదో అధ్యాయంలో ఏలీయా ప్రవక్త కర్మెలు పర్వతం మీద బయలు దేవత ప్రవక్తల్ని 450 మందిని ఎదుర్కొంటాడు. రెండు ఎడ్లు, రెండు బలిపీఠాలు, నిప్పు ఎవరూ పెట్టకూడదు. ఎవరి దేవుడు ఆకాశం నుంచి నిప్పు పంపితే వాడే దేవుడు. బయలు ప్రవక్తలు పొద్దుట్నుంచి అరిచి, ఒళ్ళు కోసుకున్నా ఏమీ జరగదు. మీ దేవుడు నిద్రపోతున్నాడేమో గట్టిగా పిలవండి అని ఏలీయా వెటకారం కూడా చేస్తాడు. తర్వాత తన బలిపీఠం మీద కుండలకొద్దీ నీళ్ళు పోయించి ప్రార్థిస్తే నిప్పు దిగి నీళ్ళతో సహా అన్నీ కాల్చేస్తుంది. ఓడినవాళ్ళని కీషోను వాగు దగ్గరికి తీసుకెళ్ళి చంపేస్తారు.

చూశారా, మన దగ్గర అలాంటి రక్తపాతం లేదు అని ఇక్కడ అనాలనిపిస్తుంది. అనకూడదు. పాల్కురికి సోమనాథుడి 'పండితారాధ్య చరిత్ర' తెరిస్తే, చందవోలులో మల్లికార్జున పండితారాధ్యుడికీ బౌద్ధాచార్యుడికీ రాజసభలో వాదం జరుగుతుంది. ఆ తర్వాత పండితుడి శిష్యులు బౌద్ధుణ్ణి చంపేస్తారు. రాజు శిక్షగా పండితుడి కళ్ళు తీయిస్తాడు. కవి ఎవరి వైపు ఉన్నాడో చెప్పనక్కర్లేదు, హత్య ఆయనకి భక్తి. మన సాహిత్య చరిత్ర పాఠాల్లో సోమనాథుడి ద్విపద గురించి, జానుతెనుగు గురించి చెబుతారు. ఈ హత్య గురించి మాత్రం నాకెవరూ చెప్పలేదు.

మా పనిలో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ అని ఒకటుంటుంది. ఇద్దరు ఇంజినీర్లు ఒకే ప్రోగ్రాముని విడివిడిగా మారుస్తారు. వేర్వేరు లైన్లు మారిస్తే ఏ గొడవా ఉండదు, రెండూ కలిసిపోతాయి. ఒకే లైన్ని ఇద్దరూ ముట్టుకుంటేనే మిషను చేతులెత్తేసి, ఎవరిది ఉంచాలో మీరే చెప్పండి అంటుంది. దేవుళ్ళ సంగతీ నాకలాగే తోస్తుంది. శివుడు శ్రీశైలంలో, విష్ణువు శ్రీరంగంలో ఉన్నంతసేపూ తగువు లేదు. ఒకే రాయి ఇద్దరిదీ అయినప్పుడు తిరుమల పరీక్ష. ఒకే రాజు ఇద్దరికీ కావలసినప్పుడు చందవోలు. కర్మెలు మీద కూడా అసలు పోటీ అహాబు రాజు ప్రజల కోసమే.

మరి అలాంటప్పుడు ఏం చెయ్యాలి? ఒకటి తిక్కన చేసిన పని. పదమూడో శతాబ్దంలో శైవవైష్ణవాలు పోట్లాడుకుంటుంటే ఆయన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు, ఇద్దర్నీ ఒకే శరీరంలో కలిపేశాడు. గొప్ప ఆలోచనే. కానీ హరిహరనాథుడి గుళ్ళు మన ఊళ్ళల్లో ఎన్ని ఉన్నాయి? శివాలయం, రామాలయం ఊరూరా ఉన్నాయి. జనం పద్యాలు తీసుకున్నారు, దేవుణ్ణి ఉమ్మడి చెయ్యడానికి మాత్రం పెద్దగా ఇష్టపడలేదు.

రెండోది కోర్టు. అయోధ్య కేసులో నన్ను ఆశ్చర్యపరిచింది ఒకటే: శ్రీరాముడు అందులో కక్షిదారు. 1989లో 'భగవాన్ శ్రీరామ్ విరాజ్‌మాన్' పేరుతోనే దావా పడింది. మన చట్టం ప్రకారం గుడిలో విగ్రహం ఒక వ్యక్తి, ఎప్పటికీ మైనరు, కాబట్టి ఆయన తరఫున ఒక 'నెక్స్ట్ ఫ్రెండ్' కోర్టుకి వస్తాడు. అల్లా అలా రాలేడు. మసీదు తన పేరున దావా వేయలేదని 1940లోనే లాహోర్ షహీద్‌గంజ్ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. అటువైపు వచ్చింది వక్ఫ్ బోర్డు. 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు 2.77 ఎకరాలు రామ్ లల్లాకి, వేరేచోట అయిదెకరాలు వక్ఫ్ బోర్డుకి అంది. దేవుడికీ దేవుడికీ మధ్య కేసు అని జనం అనుకున్నదాంట్లో ఒక పక్క దేవుడే లేడు. ఉన్న దేవుడు మైనరు. ఏం కావాలో మైనరుని ఎవరూ అడగరు కదా.

మూడో దారి ఒకటుంది. నాకు తెలిసి మన పల్లెలు ఎక్కువగా నడిచింది ఆ దారిలోనే. అది చుట్టరికం. దేవుళ్ళని ఒకటి చెయ్యరు, వియ్యమందుకుంటారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి నల్లమల చెంచులకి ఆయన అల్లుడు. సంక్రాంతి దాటగానే పారువేట పేరుతో నలభై రోజులకు పైగా ఊళ్ళు తిరిగి తన కల్యాణానికి తనే పిలుచుకుంటాడు. కొమురవెల్లి మల్లన్నకి గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ ఇద్దరూ భార్యలే. కులం దాటి పెళ్ళి చేసుకోవడంలో మన దేవుళ్ళు మనకన్నా చాలా ముందున్నారు (ఇది మా పెళ్ళి గొడవల్లో నేను వాడిన వాదన, పనిచెయ్యలేదు). చుట్టరికంలో ఉన్న సుఖం ఏంటంటే అందులో పోట్లాటకి చోటుంటుంది. సవతులు కొట్టుకుంటారు, అలమేలుమంగ కొండ దిగి తిరుచానూరులో వేరు కాపురం పెడుతుంది, స్వామి తలుపు దగ్గర నిలబడి బతిమాలతాడు. ఎవరూ ఎవరిలోనూ కలిసిపోనక్కర్లేదు.

ఈ చుట్టరికం మతం కూడా దాటింది. ఉగాది రోజున దేవుని కడపలో లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు. బియ్యం, పప్పు, బెల్లం, చింతపండు కలిపి భత్యంగా ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకుంటారు. స్వామి వాళ్ళ అల్లుడు. ఢిల్లీ సుల్తాను కూతురు బీబీ నాంచారి ఆయన్ని వలచి వచ్చిందని కథ. ఆ గుడిలోకి వెళ్ళే ముస్లిం ముసలమ్మ "వెంకటేశ్వరుడూ అల్లా ఒక్కటే" అనదు. అలా అంటే ఆమెకి ఇస్లాం మిగలదు. మా ఇంటి అల్లుడు అంటుంది. అల్లుణ్ణి గౌరవించడానికి ఆయన ఇంటిపేరు పెట్టుకోనక్కర్లేదు. శ్రీరంగంలోనూ అదే కథ వేరే రంగులో ఉంది. అక్కడ ఆమె తులుక్క నాచ్చియార్, ఆమె పుట్టింటి మర్యాదగా రంగనాథుడికి రొట్టెలు నైవేద్యం, లుంగీ కట్టు.

నెల్లూరులో మొహర్రం నాడు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా ముందు రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె. విదేశీయానం రొట్టె కూడా ఉంది, మా బ్యాచ్‌లో దాన్ని పట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కావలసినవాళ్ళు పుచ్చుకుంటారు. ఇచ్చేవాడి మతం రొట్టె మీద రాసుండదు. అనంతపురం జిల్లా గూగూడులో పీరు కుళ్ళాయప్ప ఉంటాడు, పక్కనే ఆంజనేయుడి గుడి. జనం రెండుచోట్లా మొక్కుతారు. కవి అఫ్సర్ ఆ ఊరి మీద పరిశోధన చేసి ఇంగ్లీషులో 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' అనే పుస్తకం రాశారు. ఆక్స్‌ఫర్డ్ 2013లో వేసింది. ఆ పుస్తకంలో నాకు ఎక్కువ పనికొచ్చింది సామరస్యం గురించిన భాగం కాదు. పీర్లకి మొక్కడం అసలు ఇస్లాం కాదని ముస్లింలలోనే లేచిన వాదన గురించి ఆయన రాసింది. అంటే గూగూడు లాంటి ఊళ్ళలో రగడ కుళ్ళాయప్పకీ ఆంజనేయుడికీ మధ్య కాదు. కుళ్ళాయప్పకీ 'అస్లీ' ఇస్లాంకీ మధ్య. చుట్టరికం కలుపుకున్న దేవుడికి ముందు తగిలే దెబ్బ సొంత ఇంటి నుంచే.

ఇంతవరకూ ఎవరైనా హాయిగా తలూపుతారు. పల్లెలు, పీర్లు, రొట్టెలు, ఎంత బావుందో. ఇప్పుడు మా అత్తగారి దగ్గరికి వద్దాం. ఆవిడ తిరుపతి లడ్డూ తినరు.

పెళ్ళయిన కొత్తలో మా అమ్మ తిరుపతి వెళ్ళొచ్చి లడ్డూ పంపింది. అత్తగారు పెట్టె రెండు చేతులా అందుకుని, "వదినగారికి వందనాలు చెప్పండి అల్లుడుగారూ" అని, దాన్ని జాగ్రత్తగా ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం పక్కింటివాళ్ళకి ఇచ్చేశారు. అమ్మకి తెలిసి వారం రోజులు మాట్లాడలేదు. ఆవిడతో కాదు, నాతో. ప్రసాదం కాదంటే మా ఇంట్లో ఇంటి మనిషిని కాదన్నట్టే.

నేను వెళ్ళి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చదివాను. విగ్రహాలకి అర్పించినవి తినొచ్చా అనేది సరిగ్గా ఆ సంఘానికి వచ్చిన ప్రశ్నే. ఎనిమిదో అధ్యాయంలో పౌలు, విగ్రహంలో ఏమీ లేదు కాబట్టి తిన్నా తప్పులేదు, కానీ నువ్వు తినడం చూసి మనసు బలంగా లేని సోదరుడు తొట్రుపడితే మానెయ్యి అంటాడు. పదో అధ్యాయానికి వచ్చేసరికి స్వరం మారుతుంది. ఆ బలులు దయ్యాలకి వెళ్తాయి, ప్రభువు బల్ల దగ్గరా వాళ్ళ బల్ల దగ్గరా రెండుచోట్లా కూర్చోలేరంటాడు. ఒకే మనిషి, ఒకే ఉత్తరం, రెండు జవాబులు. నాకు పౌలు మీద గౌరవం పెరిగింది ఇక్కడే. విగ్రహంలో ఏమీ లేదనుకున్నవాడికి నిజానికి సమస్యే లేదు, లడ్డూ అంటే శనగపిండి, నెయ్యి, చక్కెర. ఉందనుకున్నవాడికే సమస్య. ఆ రకంగా చూస్తే, దేవుళ్ళంతా ఒక్కటే అనే మా బాబాయి కన్నా మా అత్తగారే వెంకటేశ్వరస్వామిని ఎక్కువ సీరియస్‌గా తీసుకుంటున్నారు.

ఆవిడకి ఇంకో కారణం ఉంది, అది ఏ పత్రికలోనూ లేదు. ఆవిడ పూర్వీకులది గుండ్లకమ్మ వైపు ఊరు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో ఒక ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కరువు పని నడిచినన్నాళ్ళూ, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆ మనుషుల్ని గుడి మెట్టు ఎక్కనివ్వని ఊళ్ళు అవి. "మా జేజమ్మని గుడి దగ్గరికి రానివ్వలేదయ్యా" అన్నారు అత్తగారు ఒకసారి, బియ్యం ఏరుతూ, కోపమేమీ లేకుండానే. "ఇప్పుడు లడ్డూ ఇంటికి పంపిస్తున్నారు." అప్పుడు ఆవిడతో దేవుళ్ళంతా ఒక్కటే అనడానికి ఎంత ధైర్యం కావాలి? ఒక దేవుడు తలుపు వేశాడు, ఇంకో దేవుడు తీశాడు. తేడా ఆవిడకి స్పష్టంగా ఉంది.

జాషువా గుర్తొస్తాడు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి 1941లో 'గబ్బిలం' రాస్తూ కాశీలో శివుడికే కబురు పంపాడు. దళితుడికి గుడిలోకి దారి లేదు, గబ్బిలానికి ఉంది. పూజారి లేని సమయం చూసి శివుడి చెవిలో చెప్పమంటాడు. ఆయన శివుణ్ణి కాదనలేదు, యేసుకి పోటీ పెట్టలేదు. నిలదీశాడు. మన సాహిత్యంలో దేవుడితో ఇంత సూటిగా మాట్లాడిన పుస్తకాలు ఎక్కువ లేవని నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

అమ్మ సంగతి కూడా చెప్పాలి కదా. క్రిస్మస్‌కి అత్తగారు ప్లమ్ కేకు చేసి పంపుతారు. అమ్మ తింటుంది, బావుందని ఫోన్ చేసి చెబుతుంది కూడా. కానీ ఒక ఏడాది క్రిస్మస్ శనివారం వచ్చింది. కేకులో గుడ్డుంటుంది, అమ్మకి శనివారం స్వామివారి రోజు. పెట్టె మూతకూడా తీయలేదు. "ఇవాళ శనివారం కదా వదినగారూ" అని ఫోన్లో చెబితే, అటునుంచి "అయ్యో, తెలుసుంటే నిన్ననే పంపేదాన్ని" అని వినిపించింది. ఆ ఇద్దరూ ఆ పూట ఎంత తేలిగ్గా అర్థం చేసుకున్నారో నాకు అసూయ వేసింది. దేవుడు ఒకటి వద్దంటాడు, మనిషి వింటుంది, అంతే. కారణం అడగాల్సిన పనిలేదు. అయినా లడ్డూ బాకీ ఇంకా తీరలేదనుకోండి. అమ్మ దృష్టిలో శనివారం వేరు, ప్రసాదం వేరు.

మా పాప మాత్రం రెండూ తింటుంది. ఈ మధ్య రాత్రి పడుకునే ముందు అత్తగారు దానికి ఏలీయా కథ చెబుతుంటే విని, ఆ తర్వాత నేను తిరుమల పరీక్ష చెప్పాను. పాప మధ్యలోనే నిద్రపోయింది. అత్తగారు మాత్రం వింటున్నారు. సరే కదాని బీబీ నాంచారి కథ కూడా చెప్పాను, ఉగాదికి కడపలో జనం భత్యం ఇవ్వడం, అల్లుడి వరస, అన్నీ. చుట్టరికం కలిపిన కథ కదా, ఆవిడకి నచ్చుతుందనుకున్నాను. పాపకి దుప్పటి సర్ది, కాసేపు ఊరుకుని అడిగారు:

"ఆ పిల్ల అమ్మ ఏమైందయ్యా?"

సుల్తాను కూతురు విగ్రహం వెంట బయల్దేరింది. తండ్రి సంగతి కథలో ఉంది. తల్లి ఊసు నాకు తెలిసిన ఏ కథలోనూ లేదు. కడప కథలో లేదు, శ్రీరంగం కథలో లేదు. తెలీదండీ అన్నాను. "మళ్ళీ ఎప్పుడన్నా పుట్టింటికి వచ్చిందా?" అన్నారు. అదీ ఎక్కడా లేదు. ఆవిడ లైటు ఆర్పి, పాప పక్కన ఒరిగి, పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టారు.